ఉబుంటులో కిల్ చేసినా మళ్లీ లేస్తున్న ప్రాసెస్

అమలాపురంలో మా జిరాక్స్ షాపు సిస్టంలో ఉన్నది ఉబుంటు 22.04 (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టం). లినక్స్‌కి వైరస్ రాదన్న మాట నమ్మి, ఇంటి నుంచి పని చూసుకోవడానికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సిస్టంలోకి లాగిన్ అయ్యే పద్ధతి) 22 పోర్టు తెరిచి తేలిక పాస్‌వర్డ్ పెట్టాను. తప్పు నాదే.

ఆదివారం నుంచి సీపీయూ 100 శాతం, ఒకటే ఫ్యాన్ మోత. టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్ నుంచి ఏదో పిచ్చి పేరుతో ప్రాసెస్ నడుస్తోంది. కిల్ చేస్తే నిమిషంలోపే మళ్లీ లేస్తోంది. క్రాంటాబ్‌లో (టైం ప్రకారం వాటంతటవే నడిచే కమాండ్ల జాబితా) నేను రాయని లైను ఒకటి కనిపిస్తే తీసేశాను, రీస్టార్ట్ చేయగానే అదీ తిరిగొచ్చింది. క్లామ్‌ఏవీ యాంటీవైరస్ స్కాన్‌లో ఏమీ పడలేదు. పోర్టు మూశాను, పాస్‌వర్డ్ మార్చాను, చివరికి నెట్ కేబులే పీకేశాను. కస్టమర్ల ఆధార్ స్కాన్లు ఇందులోనే ఉన్నాయి, అదీ టెన్షన్.

ఫార్మాట్ కొట్టే ముందు తెలుసుకోవాలని అడుగుతున్నా: ఆ క్రాంటాబ్ లైనును తిరిగి రాస్తున్న ఫైలు కోసం ఇంకెక్కడ వెతకాలి?