పికప్ హెడ్‌లైట్లకు ఎల్‌ఈడీ బల్బులా, రిలే వేసి హాలోజెన్లేనా?

టమాటా బండి, మదనపల్లె

అందరికీ నమస్కారం. మాది 2016 మోడల్ పికప్, ఒకటిన్నర టన్ను బండి. సాయంత్రం మదనపల్లె మార్కెట్‌లో టమాటా ఎత్తుకొని పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు మీదుగా తెల్లారేలోపు చెన్నై కోయంబేడులో దించాలి. కంపెనీతో వచ్చిన హెచ్4 బల్బులే ఉన్నాయి, 60/55 వాట్లవి (దూరం కొట్టే అప్పర్‌కు 60, కిందికి కొట్టే డిప్పర్‌కు 55). డిప్పర్ వేస్తే అరటిపండు రంగు వెలుతురు, అదీ బానెట్ ముందే ఆగిపోతోంది. ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు. ఘాట్‌లో ఇదే పెద్ద టెన్షన్.

షాపు అతను ఎల్‌ఈడీ వేసుకోమంటాడు. మా మెకానిక్ 100/90 హాలోజెన్ వేయమంటాడు. అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడి నుంచి లైట్ సెట్టే పంపిస్తానంటాడు. రోజూ రాత్రి నడిపేవాళ్లు చెప్పండి, ఏది వేయాలి?

నైట్ సర్వీస్, నెల్లూరు

ఎల్‌ఈడీ వేసెయ్ అన్నా, ఇంకో ఆలోచన వద్దు. నేను రొయ్యల ఐస్ బండి నడుపుతాను, నా డ్యూటీ అంతా రాత్రే. పాత బల్బుతో నల్ల గేదె రోడ్డు మీద పడుకుని ఉంటే దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఎల్‌ఈడీ వేశాక రోడ్డు పక్క తుమ్మ చెట్లు కూడా కనపడుతున్నాయి. కరెంటు కూడా తక్కువే లాగుతుంది, ఆల్టర్నేటర్‌కు బరువు లేదు. హాలోజెన్‌లా గతుకులకు ఫిలమెంట్ తెగే బాధ లేదు.

ఇంకో మాట. ఇప్పుడు చాలా కొత్త కార్లకు ఫ్యాక్టరీ నుంచే ఎల్‌ఈడీ వస్తోంది. మనం ఒక్కళ్లం పసుపు లైటుతో మర్యాదగా పోతే నష్టపోయేది మన కళ్లే.

ఆటో ఎలక్ట్రీషియన్, చిత్తూరు

టమాటా బండి తమ్ముడూ, ముందు ఏమీ కొనకు. ఒక మల్టీమీటర్ తీసుకో. ఇంజన్ నడుస్తుండగా డిప్పర్ వేసి, బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులో, బల్బు హోల్డర్ వెనక పిన్నుల దగ్గర ఎన్ని వోల్టులో చూడు. పాత పికప్‌లలో చాలావాటికి లైట్ కరెంటు అంతా స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్ గుండానే తిరిగి వస్తుంది. సన్న వైరు, అరిగిన కాంటాక్టు, తుప్పు పట్టిన ఎర్త్. అన్నీ కలిపి ఒక వోల్టు, ఒకటిన్నర వోల్టు మింగేస్తాయి.

ఒక్క వోల్టే కదా అనుకోవద్దు. హాలోజెన్‌లో వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పోతుంది. అరటిపండు రంగు అన్నావు చూడు, అది వోల్టేజీ అందని బల్బు రంగు.

రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు), బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మందపాటి వైరు, సిరామిక్ హోల్డర్లు, కొత్త ఎర్త్. ఇది చేసి అవే 60/55 బల్బులు కొత్తవి వెయ్యి. తేడా నువ్వే చెప్తావు. స్విచ్ గుండా రిలేను లాగే కొద్దిపాటి కరెంటు మాత్రమే పోతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు వెళ్తుంది.

100/90 మాత్రం రిలే లేకుండా ముట్టుకోవద్దు. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగితే, 100 వాట్లది ఎనిమిది పైన లాగుతుంది. అలాంటివి రెండు. ఆ వేడికి కాంబినేషన్ స్విచ్ లోపలి ప్లాస్టిక్ కరిగి, అర్ధరాత్రి రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయిన బళ్లు నా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. హోల్డర్ మాడి బల్బుకు అతుక్కుపోతుంది. పైగా అవి రోడ్డుకు అనుమతి ఉన్నవి కావు.

బుల్లెట్ మీద కడప

నెల్లూరు అన్నకు ఒక్కటే ప్రశ్న. మీకు తుమ్మ చెట్లు కనపడుతున్నాయి సరే, ఎదురుగా బైక్ మీద వచ్చే నాకు ఏం కనపడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? తెల్లటి గోడ తప్ప ఇంకేం లేదు. రాత్రి కడప నుంచి రాయచోటి వైపు వచ్చేటప్పుడు హెల్మెట్ వైజర్ మీద ఆ వెలుగు పడితే గుంత ఎక్కడో, ఇసుక ఎక్కడో తెలియక బండి ఆపేసి నిలబడాల్సిందే. డిప్పర్ కొట్టమని సైగ చేస్తే, అది డిప్పరే అంటారు!

ఒకప్పుడు హెడ్‌లైట్ అద్దం మీద నల్ల రంగు చుక్క వేయకపోతే పోలీసులు ఆపేవాళ్లు. ఇప్పుడు ఆ చుక్కా లేదు, ఆపేవాళ్లూ లేరు.

నైట్ సర్వీస్, నెల్లూరు

తమ్ముడూ, నాకు కోపం లేదు కానీ అన్ని ఎల్‌ఈడీలనూ ఒకే గాటన కట్టొద్దు. చీప్ బల్బు తెచ్చి ఎలా పడితే అలా గుచ్చేవాళ్లు వేరు. నేను చిప్‌లు సరిగ్గా ఎడమకు, కుడికి చూసేలా బల్బు అడుగున ఉండే కాలర్ తిప్పి బిగించాను, లైటు కిందికి దించాను. రంగు కూడా 6,500 కెల్విన్ నీలిది కాదు, 4,300ది. నాకు ఎదురొచ్చేవాళ్లు లైట్ కొట్టి తిట్టడం లేదు.

ఆటో ఎలక్ట్రీషియన్, చిత్తూరు

నెల్లూరు అన్నా, మీరు జాగ్రత్తగానే బిగించారు, కాదనను. కానీ హెచ్4 బల్బు ఒకటి చేతిలోకి తీసుకొని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు. డిప్పర్‌ది ముందు ఉంటుంది, దాని కింద గరిటెలాంటి చిన్న రేకు. అప్పర్‌ది వెనక, దానికి రేకు లేదు. ఆ రేకు అడ్డం ఉండటం వల్లే డిప్పర్ వెలుతురు రిఫ్లెక్టర్ పైసగం మీద మాత్రమే పడి రోడ్డు మీదికి దిగుతుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ సన్నటి తీగ ఎక్కడుందో లెక్కేసి చేసినది. ఒక మిల్లీమీటరు జరిగితే బీమ్ మారిపోతుంది.

ఎల్‌ఈడీలో ఆ తీగ బదులు ఒక పలకకు రెండు వైపులా అంటించిన చిప్‌లు ఉంటాయి. మధ్యలో మందం ఉంటుంది, వెలుతురు వచ్చే చోటు మారుతుంది. బాగా చేసిన బల్బులో తేడా తక్కువ, సంతలో దొరికేవాటిలో చాలా ఎక్కువ. అట్టపెట్టె మీద 20,000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) అని రాసి ఉంటుంది. అసలు హెచ్4 ప్రమాణమే అప్పర్‌కు 1,650, డిప్పర్‌కు 1,000 ల్యూమెన్లు. అంకె పెరిగినంత మాత్రాన వెలుతురు దూరం పోదు, ఎటు పోతుందన్నదే ముఖ్యం.

మీకు వెలుతురు పెరిగిందనిపించడానికి ఇంకో కారణం ఉంది. బండి ముందు పది, పదిహేను మీటర్ల దాకా రోడ్డు బాగా తెల్లగా వెలిగితే కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు 60 మీటర్ల దూరంలో ఉన్నది ఇంకా చీకటిగా కనిపిస్తుంది.

నైట్ సర్వీస్, నెల్లూరు

అద్దం అవతల నేను చూసే రోడ్డును మీరు షెడ్డులో కూర్చుని చెప్తారా అన్నా! గేదె కనపడిందా లేదా, నాకు అదే లెక్క.

ఫోర్ట్‌వర్త్ తెలుగోడు

మదనపల్లె బ్రదర్, బావమరిదిని దయచేసి ఆపండి. అమెరికాలో బళ్లు కుడివైపు నడుస్తాయి. అక్కడి లైట్ల డిప్పర్ బీమ్ దారి అంచు కనపడేలా కుడివైపు ఎక్కువ దూరం పడుతుంది. దాన్ని మన దగ్గర పెడితే ఆ వెలుతురు నేరుగా ఎదురొచ్చేవాడి కళ్లలోకే పోతుంది. సెట్ ఎంత ఖరీదైనదైనా సరే, పనికిరాదు.

ఎల్‌ఈడీ అంటే మంచిది, హాలోజెన్ అంటే పాతది అనుకోవడమూ తప్పే. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2016లో 11 పికప్‌ల హెడ్‌లైట్లు పరీక్షించింది. బాగున్నాయన్న మార్కు ఒక్క హోండా రిడ్జ్‌లైన్‌కే వచ్చింది, అదీ అన్ని వేరియంట్లకూ కాదు. దేశంలో బాగా అమ్ముడయ్యే ఫోర్డ్ ఎఫ్-150కి హాలోజెన్‌లోనూ, ఫ్యాక్టరీ ఎల్‌ఈడీలోనూ పూర్ మార్కే. కంపెనీ తయారు చేసిన ఎల్‌ఈడీకే ఆ గతి పడితే, హాలోజెన్ డబ్బాలో గుచ్చిన దాని సంగతి వేరే చెప్పాలా?

జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ మార్పిడి బల్బులకు రోడ్డు అనుమతి ఇస్తున్నారు. అయితే ఏ బండి ఏ మోడల్‌కు ఏ బల్బు అన్నది పరీక్షించి, జాబితాలో ఉన్నవాటికే. కాబట్టి నెల్లూరు అన్న చెప్పేది అసలు కుదరదని కాదు. మన బండికి అలా పరీక్షించి ఇచ్చినవాళ్లు లేరు, అంతే.

ఎఫ్‌సీ పనులు, తిరుపతి

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన దాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మదనపల్లె అన్న బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). ముందురోజు పాత బల్బులు పెట్టుకొచ్చి, కాగితం చేతిలో పడ్డాక గేటు బయటే ఎల్‌ఈడీలు మార్చుకొనేవాళ్లను చూస్తూనే ఉంటాం.

వీల్ అలైన్‌మెంట్, అనంతపురం

ఇంతమంది ఇన్ని మాట్లాడారు, లోడు గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఇది కారు కాదు, పికప్. స్ప్రింగు కట్టలు ఎంత గట్టివైనా ట్రేలన్నీ ఎక్కించాక వెనక దిగుతుంది, ముక్కు లేస్తుంది.

లెక్క చూడండి. వీల్‌బేస్ 3 మీటర్లు అనుకుందాం. లోడుకు వెనక 9 సెంటీమీటర్లు దిగిందంటే బండి 3 శాతం వాలింది. ఖాళీ బండికి డిప్పర్‌ను పద్ధతి ప్రకారం 1 శాతం కిందికి, అంటే 10 మీటర్ల దూరంలోని గోడ మీద లైటు ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందికి పెట్టారు. లోడు ఎక్కాక అదే బీమ్ 2 శాతం పైకి చూస్తుంది. 50 మీటర్ల దూరంలో ఒక మీటరు పైకి లేస్తుంది. లైటు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఆ వెలుతురు గీత దాదాపు 190 సెంటీమీటర్ల ఎత్తుకు పోతుంది. కారువాడు, బైకువాడు, నడిచేవాడు, అందరి కళ్లూ దాని కిందే. ఇక్కడ హాలోజెనే ఉన్నా కడప తమ్ముడికి గోడ కనపడుతుంది.

సరే, లోడుతోనే సెట్ చేశారనుకోండి. చెన్నైలో దించేసి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు బీమ్ 4 శాతం కిందికి పడుతుంది. అంటే వెలుతురు 22 మీటర్ల దగ్గరే రోడ్డును తాకి ఆగిపోతుంది. 80 మీద పోతుంటే బండి సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ఇక ఏ బల్బు వేసి ఏం లాభం?

డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా లెవెలింగ్ చక్రం ఉన్న బళ్లలో లోడును బట్టి తిప్పుకోవచ్చు. చాలామంది డ్రైవర్లు దాన్ని ఏసీదో, మీటర్ లైటుదో అనుకొని ముట్టుకోరు. అది లేని బండికి రోజూ మోసే లోడుతోనే గోడ ముందు సెట్ చేయండి, ఖాళీగా వచ్చేటప్పుడు స్పీడు తగ్గించండి. ఎల్‌ఈడీ వేస్తారా, హాలోజెన్ వేస్తారా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నైట్ సర్వీస్, నెల్లూరు

ఈ లెక్క ఒప్పుకుంటాను. ఐస్ పెట్టెలు ఎక్కించాకే నేను సెట్ చేయించాను, బహుశా అందుకే నన్నెవరూ తిట్టడం లేదు. ఎల్‌ఈడీ మాత్రం తీయను.

బుల్లెట్ మీద కడప

తిట్టినా మీకు వినపడదు అన్నా, అద్దాలు ఎత్తుకొని పోతుంటారు.

టమాటా బండి, మదనపల్లె

అందరికీ థ్యాంక్స్. మీటర్ అరువు తెచ్చి చూశాను. బ్యాటరీ దగ్గర 13.9, కుడి బల్బు దగ్గర 12.3, ఎడమ దగ్గర 12.1. చిత్తూరు అన్న చెప్పినట్టే ఉంది. బావమరిదికి వద్దని చెప్పేశాను, కాస్త అలిగాడు. రిలే సెట్ వేయించుకుంటాను, బల్బులు 60/55లే. గోడ ముందు సెట్ చేద్దామని చూస్తే ఎడమ లైటు పైకీ కిందికీ తిప్పే మర ఊరికే తిరుగుతోంది, బీమ్ కదలడం లేదు. ఇప్పుడు లైట్ సెట్ మొత్తం మార్చాలా?

ఆటో ఎలక్ట్రీషియన్, చిత్తూరు

మొత్తం అక్కర్లేకపోవచ్చు తమ్ముడూ. లోపలున్న ప్లాస్టిక్ నట్టు అరిగిపోయి ఉంటుంది. విప్పి చూస్తేగానీ చెప్పలేను. చెన్నై పోయే దారిలోనే కదా మా షెడ్డు, ఒక గంట ముందుగా బయల్దేరి రా. అయితే ఖాళీ బండి తేవద్దు, ట్రేలన్నీ ఎక్కించుకొనే రా.