సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు ఒకప్పుడు దేవుడి వేషాలు వేసేవారా?

పాతపాటల పిచ్చి:
నాకు సి.ఎస్.ఆర్. అంటే 'మాయాబజార్' శకుని, అంతే. ఆయన స్టేజీ మీద కృష్ణుడనీ, సినిమాలో వెంకటేశ్వరస్వామి కూడా అనీ మొన్న మా పెదనాన్న అన్నారు. ఆ నక్కజిత్తుల చూపు ఉన్న మనిషిని దేవుడిగా ఊహించుకోలేకపోతున్నాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

హార్మోనియం:
మీ పెదనాన్నగారు చెప్పింది నిజమండి. చిలకలపూడి సీతారామాంజనేయులు గారిది పద్యనాటకాల తరం. 1936 'ద్రౌపదీ వస్త్రాపహరణం' సినిమాలో కృష్ణుడు ఆయనే, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. 1939లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో వెంకటేశ్వరస్వామి ఆయన, పద్మావతి శాంతకుమారి.

అసలు ఆ శకుని ఈ కృష్ణుడిలోంచే వచ్చాడని నా గట్టి నమ్మకం. మైకు లేని రోజుల్లో పద్యం చివరి వరస దాకా వినపడాలి, రాగం ఎంత తీసినా మాట విడివిడిగా తెలియాలి. అలా సాధన చేసిన నోరు ఒక్క అక్షరం మింగదు. 1946 'గృహప్రవేశం'లో విలన్ వేషం వేశారు, తర్వాత అలాంటివే ఎక్కువ వచ్చాయి. పద్యాలు తగ్గినా, ఎక్కడ ఆగాలి, ఏ మాట మీద ఊనిక పెట్టాలి అన్న లెక్క అలాగే ఉంది. శకుని గొంతు పెంచడు. తియ్యగా మాట్లాడతాడు, భయం అక్కడే పుడుతుంది. సత్యపీఠం ఎక్కాక దాచుకున్న గుట్టంతా తన నోటివెంటే తన్నుకొచ్చే ఘట్టం మళ్లీ చూడండి. ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

గోదారి గట్టు:
వాచకం ఒక్కటే కాదండీ. 1953 'దేవదాసు'లో పార్వతిని చేసుకున్న ముసలి జమీందారు ఆయనే. విలనీ లేదు, కామెడీ లేదు. ఆ పిల్లకు తను అన్యాయం చేశానేమో అన్న బెరుకు ముఖంలోనే కనిపిస్తుంది. ఆ జమీందారు మీద కోపం రాకపోవడం ఆయన గొప్పే.

పాతపాటల పిచ్చి:
అది ఆయనని ఇప్పటిదాకా గమనించనేలేదు! మరి ముందు ఏది చూడమంటారు?

హార్మోనియం:
జమీందారు సంగతి బాగా గుర్తుచేశారు. ముందు 1955 'కన్యాశుల్కం' చూడండి, రామప్పపంతులు ఆయనే. సావిత్రి మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. మధురవాణి దగ్గర పంతులు పెద్దరికం ఎలా జారిపోతుందో చూడండి, ఎక్కడా అతి చెయ్యలేదు. ఆ తర్వాత 1961 'జగదేకవీరుని కథ'. రాజనాలకు తప్పుడు సలహాలిచ్చే మంత్రిగా ఆయన 'హే రాజన్' అని పిలిచే తీరు వింటే, పద్యాలు పాడిన గొంతని మీకే తెలిసిపోతుంది. మీ పెదనాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయనకు ఇంకా చాలా తెలిసుంటాయి.