‘ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్’, ‘ఐటమ్ డెలివర్డ్’ అని ఫిర్యాదు మూసేశాక ఎక్కడికి వెళ్ళాలి?

గోదావరిగట్టు (ప్రశ్న):

రెండు రకాల ఫిర్యాదుల గురించి ఒకేచోట అడుగుతున్నాను. రెండూ ఒకే రకంగా ఆగిపోతున్నాయి కాబట్టి.

మొదటిది ఏటీఎం. వేరే బ్యాంకు మెషీన్‌లో 10,000 తీయబోతే నోట్లు రావు, ఖాతాలో మాత్రం కోత పడుతుంది. కార్డు ఇచ్చిన బ్యాంకుకు చెబితే ఒక నంబరు ఇస్తారు. నాలుగైదు రోజులకు ‘ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్, మీ ఫిర్యాదు పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది. బ్రాంచికి వెళితే ‘ఆ ఏటీఎం మాది కాదు’ అంటారు. ఏటీఎం బ్యాంకుకు వెళితే ‘మీ ఖాతా మా దగ్గర లేదు’ అంటారు.

రెండోది స్పీడ్ పోస్ట్. ట్రాకింగ్‌లో ‘ఐటమ్ డెలివర్డ్’ అని ఉంటుంది, కవరు మాత్రం చేరాల్సిన మనిషికి చేరదు. ఫిర్యాదు చేస్తే ఆ ట్రాకింగ్ ముక్కనే జవాబుగా పంపి మూసేస్తారు.

ఇలా మూసేసినదాన్ని మళ్ళీ కదిలించాలంటే ఏ కాగితం అడగాలి, ఎన్ని రోజులు ఆగాలి, ఆ పైన ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సోషల్ మీడియాలో ట్యాగ్ చేయమనే సలహా వద్దు. నియమాల ప్రకారం దారి తెలిసినవారు చెప్పండి.

ఖాతాపుస్తకం:

ఏటీఎం సంగతి చెబుతాను. మెషీన్ ఎవరిదైనా సరే, మీకు జవాబు చెప్పాల్సింది మీ ఖాతా ఉన్న బ్యాంకే. ఏటీఎం బ్యాంకు చుట్టూ తిరిగితే రోజులు పోతాయి తప్ప పని జరగదు.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న విఫలమైన లావాదేవీలకు గడువులు పెడుతూ ఒక సర్క్యులర్ ఇచ్చింది. లావాదేవీ జరిగిన రోజును అందులో ‘టి’ అంటారు. ఏటీఎంలో నోట్లు రాకుండా కోత పడితే టి+5 రోజుల్లోపు ఆ డబ్బు వెనక్కి పడాలి. ఇవి క్యాలెండరు రోజులు, కాబట్టి ఆదివారాలు, సెలవులు కూడా లెక్కే. అది దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. దీనికి ఖాతాదారు అర్జీ పెట్టుకోనక్కర్లేదు, బ్యాంకు తనంతట తానే జమ చేయాలి. ఉదాహరణకు 1వ తేదీన కోత పడి 26న డబ్బు తిరిగొస్తే, 6వ తేదీతో గడువు ముగిసింది కనుక 20 రోజుల ఆలస్యం. అంటే 10,000తో పాటు 2,000 రావాలి. అసలు జమ అయిందన్న సంతోషంలో దీన్ని వదిలేయకండి. ఆ 2,000 పడకపోతే అదొక్కటే పట్టుకుని ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ‘సక్సెస్‌ఫుల్’ అని ఎందుకొస్తుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. మీరు ఫిర్యాదు చేయగానే మీ బ్యాంకు ఏటీఎం బ్యాంకు మీద ఛార్జ్‌బ్యాక్, అంటే డబ్బు వెనక్కి ఇమ్మనే క్లెయిమ్, వేస్తుంది. ఆ బ్యాంకు మెషీన్ లాగ్ (మెషీన్ తనంతట తాను రాసుకునే రికార్డు) జతచేసి, ‘మేం ఇచ్చేశాం’ అంటూ రీప్రెజెంట్‌మెంట్ పేరుతో తిప్పి పంపుతుంది. లాగ్‌లో నోట్లు ఇచ్చినట్టు ఉంటే కాల్ సెంటర్ దాన్నే చూసి ఫిర్యాదు మూసేస్తుంది. కానీ ఆ లాగ్ చెప్పేది మెషీన్ ఏమనుకుందో మాత్రమే. నోట్లు బయటికి వచ్చే చోట ఇరుక్కున్నా, లోపల తిరస్కరించిన నోట్ల పెట్టెలోకి పోయినా ఆ సంగతి లాగ్‌లో సరిగ్గా ఎక్కకపోవచ్చు. నోట్లు నింపే సిబ్బంది పెట్టెలు తెరిచి చేత్తో లెక్కపెట్టినప్పుడే అసలు నిజం బయటపడుతుంది. మీ 10,000 లోపలే ఉండిపోతే ఆ రోజు లెక్కలో అంత మొత్తం ఎక్కువ తేలాలి.

అందుకే ‘నా డబ్బు రాలేదు, మళ్ళీ చూడండి’ అని రాస్తే మళ్ళీ అదే జవాబు వస్తుంది. ఇలా రాయండి:

‘ఖాతా సంఖ్య చివరి నాలుగు అంకెలు ..., తేదీ ..., సమయం ..., ఏటీఎం ఐడీ ..., 12 అంకెల రిఫరెన్స్ సంఖ్య ..., మొత్తం 10,000 రూపాయలు. నోట్లు రాలేదు. నా ఫిర్యాదు సంఖ్య ...ను తేదీ ...న ముగించారు, ఆ జవాబును అంగీకరించడం లేదు. ఈ లావాదేవీకి, దీని ముందు వెనుక లావాదేవీలకు సంబంధించిన ఎలక్ట్రానిక్ జర్నల్, ఆ విడత నగదు సరిచూసిన నివేదిక పరిశీలించి రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ సమయపు సీసీ కెమెరా రికార్డింగును భద్రపరచమని ఏటీఎం బ్యాంకును కోరండి. అవసరమైతే ప్రీ-ఆర్బిట్రేషన్ వేయండి. 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ ప్రకారం పరిహారం కలిపి జమ చేయండి.’

ఇందులో ఎలక్ట్రానిక్ జర్నల్ అంటే పైన చెప్పిన మెషీన్ లాగే. ప్రీ-ఆర్బిట్రేషన్ అంటే ఏటీఎం బ్యాంకు తిప్పి పంపినదాన్ని ఒప్పుకోకుండా మీ బ్యాంకు మళ్ళీ వేసే అభ్యంతరం. కెమెరా మాట మొదటి ఫిర్యాదులోనే ఉండాలి. కొంతకాలానికి పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కుతుంది, ఆ తరువాత ఎవరూ తిరిగి తేలేరు. ఏటీఎం స్లిప్పు దొరికితే వెంటనే ఫోటో తీసుకోండి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని వారాల్లోనే వెలిసిపోతాయి.

యూపీఐ కూడా ఇదే సర్క్యులర్ కిందికి వస్తుంది. మనిషికి పంపిన డబ్బు అవతల జమ కాకపోతే టి+1, దుకాణానికి చెల్లించింది అక్కడ నమోదు కాకపోతే టి+5. దాటితే అదే 100.

తపాలాబిళ్ళ:

స్పీడ్ పోస్ట్ గురించి నేను చెబుతాను. ‘డెలివర్డ్’ అన్నది ముగింపు కాదు, అదొక నమోదు మాత్రమే. దాని వెనక ఎవరో ఒకరి సంతకమో, ఓటీపీయో ఉండాలి. ‘నా కవరు ఎక్కడుంది’ అని అడిగితే ట్రాకింగ్ ముక్క పంపుతారు. ‘ఈ కవరును ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరికి అందించారు? అందుకున్నవారి పేరు, సంతకంతో డెలివరీ రుజువు ఇవ్వండి’ అని అడిగితే మాత్రం డెలివరీ చేసిన ఆఫీసు రికార్డు తీసి చూడక తప్పదు.

ఆన్‌లైన్‌లో రాయకముందే ఒక పని చేయండి. ట్రాకింగ్‌లో చివరి వరుసలో డెలివరీ చేసిన పోస్టాఫీసు పేరు ఉంటుంది. అందుకోవాల్సిన వ్యక్తి పొద్దున్నే, పోస్ట్‌మ్యాన్ బీటుకు బయల్దేరకముందే అక్కడికి వెళ్ళి పోస్ట్‌మాస్టర్‌ను కలవాలి. మధ్యాహ్నం వెళితే ఆ బీటు మనిషి ఉండడు, ‘రేపు రండి’ అంటారు. తప్పు చోటికి పోయినవాటిలో పక్కింటికో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో, ఆఫీసు ఇన్‌వార్డుకో ఇచ్చినవి ఉంటాయి. ఇలాంటివి అక్కడే తేలిపోతాయి. ‘డోర్ లాక్‌డ్’ అని పడితే అదే రోజు కదలండి. అందని కవరును సాధారణంగా 7 రోజులు ఉంచి, తరువాత పంపినవారికి తిప్పేస్తారు.

అక్కడ తేలకపోతే ఇండియా పోస్ట్ వెబ్‌సైటులోనో, 1800 266 6868కి ఫోన్ చేసో ఫిర్యాదు నమోదు చేయండి. 13 అక్షరాల ఆర్టికల్ సంఖ్య తప్పులేకుండా ఉండాలి: ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర దేశాన్ని తెలిపే రెండు అక్షరాలు. బుకింగ్ రసీదు ఫోటో, కవరు మీద రాసిన చిరునామా పిన్‌కోడ్‌తో సహా, అందుకోవాల్సిన వ్యక్తి ‘నాకు అందలేదు’ అని సంతకం చేసిన రెండు వరుసల కాగితం జతచేయండి. ఆఖరిది చాలామంది పెట్టరు. అది లేకపోతే ‘ఇచ్చాం’ అన్న వాళ్ళ రికార్డుకు ఎదురుగా మీ వైపు ఏ కాగితమూ ఉండదు.

మూసేస్తే తరువాతి మెట్టు డివిజన్ సూపరింటెండెంట్. పోస్టాఫీసుకు కాకుండా ఆయన పేరనే రాయండి, పాత ఫిర్యాదు సంఖ్య ఉదహరించండి. దాంతోపాటు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీపీగ్రామ్స్ పోర్టల్‌లో తపాలా శాఖను ఎంచుకుని నమోదు చేయవచ్చు. 2024 ఆగస్టు మార్గదర్శకాల తరువాత అక్కడ పరిష్కార గడువు 21 రోజులు. జవాబు నచ్చకపోతే ఊరుకోకండి. అభిప్రాయం అడిగినప్పుడు అసంతృప్తి అని నమోదు చేసి, 30 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి. అప్పీలు మరో అధికారి చూస్తారు. తపాలా శాఖ డాక్ అదాలత్‌లు (ఫిర్యాదులు వినే సభలు) కూడా పెడుతుంది. వాటి నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోపు, అంతకుముందు చేసిన ఫిర్యాదు సంఖ్యతో అర్జీ పంపాలి.

పరిహారం విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. దేశంలో పంపిన స్పీడ్ పోస్ట్ పోతే చాలాకాలంగా ఉన్న నియమం: కట్టిన చార్జీకి రెట్టింపు, లేదా 1,000 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నా అంతే. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన పోస్ట్ ఆఫీస్ చట్టం, 2023లోని 10వ సెక్షన్ కూడా, నియమాల్లో పేర్కొన్న బాధ్యత తప్ప తపాలా శాఖకు ఇంకే బాధ్యతా లేదంటుంది. ఉద్యోగి మోసంతోనో కావాలనో చేస్తే ఆ ఉద్యోగి బాధ్యుడవుతాడు, దాన్ని మీరు రుజువు చేయాలి. చాలా అన్యాయంగా అనిపిస్తుంది, కానీ ఇది తెలియకుండా లక్షలు అడుగుతూ నోటీసులు పంపితే శ్రమే మిగులుతుంది. విలువైనది పంపేటప్పుడు కౌంటర్ దగ్గరే బీమా అడగడం ఒక్కటే రక్షణ.

ఇంకొకటి. రిజిస్టర్డ్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. 2025 అక్టోబరు 1 నుంచి ‘రిజిస్ట్రేషన్’ అన్నది స్పీడ్ పోస్ట్ మీద తీసుకునే అదనపు సేవ: 5 రూపాయలు, దానిమీద జీఎస్టీ. ఇది తీసుకుంటేనే చిరునామాదారుకో, ఆయన అధికారం ఇచ్చినవారికో మాత్రమే ఇస్తారు. ఓటీపీ డెలివరీకి మరో 5. కౌంటర్‌లో మీరు అడగకపోతే మామూలు స్పీడ్ పోస్టుగా బుక్ అయిపోతుంది. పాస్‌పోర్టు, చెక్‌బుక్కు, సర్టిఫికెట్లు పంపేవాళ్ళు ఆ పదిరూపాయల దగ్గర వెనకాడవద్దు.

వినియోగదారు:

ఖాతాపుస్తకం గారు చెప్పినదానికి పై మెట్టు కలుపుతాను: రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీఎంఎస్ పోర్టల్‌లో నేరుగా పెట్టుకోవచ్చు. 14448కి ఫోన్ చేస్తే పద్ధతి చెబుతారు. ఫిర్యాదులు విచారణ దాకా వెళ్ళకుండానే తిరిగిపోయేది ఎక్కువగా ఈ తప్పుల వల్ల:

బ్యాంకుకు రాసిన మెయిల్‌నే అంబుడ్స్‌మన్‌కు కూడా కాపీ పెట్టడం. ముందు బ్యాంకుకు రాయాలి. బ్యాంకు కాదన్నాక, లేదా 30 రోజులు గడిచినా జవాబు రాకపోతేనే అక్కడికి వెళ్ళాలి. 25వ రోజున వెళ్ళినా తిప్పి పంపుతారు.

ఫోన్‌లో చెప్పి ఊరుకోవడం. ఫిర్యాదు చేశామని చూపడానికి రుజువు కావాలి. కాల్ సెంటర్‌కు చెప్పినా ఆ ఫిర్యాదు సంఖ్య మెసేజ్ దాచుకోండి, అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. బ్రాంచిలో కాగితం ఇస్తే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే కాగితాన్ని అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్టులో పంపండి.

వినియోగదారుల కమిషన్‌లో అదే విషయం మీద ముందే కేసు వేయడం. వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు. ముందు అంబుడ్స్‌మన్, తరువాత కమిషన్ అన్న వరుసే మేలు. కమిషన్‌కు రెండేళ్ళ గడువు ఉంది, 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు.

మరొక మాట. పెద్ద వాణిజ్య బ్యాంకులకు లోపల ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ ఉండాలి. ఫిర్యాదును పూర్తిగానో కొంతో తిరస్కరించే ముందు బ్యాంకే దాన్ని ఆయన ముందు పెట్టాలి, పెట్టినట్టు తుది జవాబులో రాయాలి. మీకొచ్చిన ‘పరిష్కారమైంది’ మెసేజ్‌లో ఆ మాట లేకపోతే, ‘ఇది ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ చూసిన జవాబేనా?’ అని ఒక్క వాక్యం రాసి అడగండి. కాల్ సెంటర్ దాటి ఫైలు పైకి కదలాలంటే ఈ ప్రశ్నే పనిచేస్తుంది.

గోదావరిగట్టు:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం. ఖాతా పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో ఉండి, ఆ ఏటీఎం కార్డుతో ఇలాగే జరిగితే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చా? అలాగే డెలివరీ రుజువు కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం పనికొస్తుందా?

తపాలాబిళ్ళ:

పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాకు వెళ్ళలేరండి. అది తపాలా శాఖ నడిపేది, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలో లేదు. నేను పైన చెప్పిన దారే: ఖాతా ఉన్న పోస్టాఫీసు, సూపరింటెండెంట్, సీపీగ్రామ్స్. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా అయితే అది బ్యాంకే, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. రెండూ ఒకే కౌంటర్‌లో నడుస్తాయి కాబట్టి పొరపాటు పడుతుంటారు. పాస్‌బుక్ మీద ఏ పేరుందో చూసుకుని ఫిర్యాదు పెట్టండి.

సమాచార హక్కు బాగా పనికొస్తుంది. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. తపాలా శాఖకూ, ప్రభుత్వ రంగ బ్యాంకులకూ ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. ప్రైవేటు బ్యాంకుకు నేరుగా పెట్టలేరు. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పేస్తారు. ఉన్న రికార్డునే అడగాలి: ‘ఆర్టికల్ సంఖ్య ...కు సంబంధించిన డెలివరీ రుజువు నకలు, ఆ రోజు ఆ బీటు డెలివరీ జాబితాలో ఈ ఆర్టికల్ ఉన్న వరుస నకలు, నా ఫిర్యాదు సంఖ్య ... మీద జరిపిన విచారణ నివేదిక నకలు.’ ఈ మూడూ చాలు. విచారణ నివేదిక అడగడం మరవకండి. విచారణే జరగకుండా మూసేసి ఉంటే ‘రికార్డు లేదు’ అని రాతపూర్వకంగా ఇస్తారు. సీపీగ్రామ్స్ అప్పీలుకు ఆ కాగితాన్నే జతచేయండి. అప్పీలు 30 రోజుల గడువు, ఈ జవాబు గడువు ఇంచుమించు ఒకటే కనుక, ఫిర్యాదు మూసిన రోజే దరఖాస్తు పెట్టేయండి. జవాబు సమయానికి రాకపోతే దరఖాస్తు నమోదు సంఖ్య రాసి అప్పీలు వేసేయండి, దానికోసం ఆగవద్దు.