హాస్టల్లో మద్యం నిషేధం సరే, సాయానికి పిలిచినవాళ్లకూ శిక్షేనా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్లో మద్యంతో దొరికితే సస్పెన్షన్, ఆపైన ఇంటికి ఫోన్. నిషేధం ఎత్తేయమని నేను అడగడం లేదు. తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, మాలో చాలామందికి నిండలేదు.

నా బాధ వేరే. ఈమధ్య ఒక జూనియర్ బయట తాగొచ్చి, గదిలో వాంతులు చేసుకుని, పిలిచినా పలకని స్థితిలో పడిపోయాడు. రూమ్మేట్లు గడియ పెట్టి నిమ్మరసం తాగించబోయారు. స్పృహ లేనివాడి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. వాళ్లేమో "వార్డెన్ సార్‌కి తెలిస్తే మా పని అయిపోతుందన్నా" అని ఒకటే వణుకు. చివరికి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం, బతికాడు. ప్రతిసారీ ఇలాగే గట్టెక్కుతామా?

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ 2002లోనే ఒక పద్ధతి తెచ్చింది. తాగి ప్రాణం మీదికి వచ్చినప్పుడు సాయానికి పిలిచినవాళ్ల మీద క్రమశిక్షణ చర్య ఉండదు. తాగినవాడిని కౌన్సెలింగ్‌కు పంపుతారు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఏ కాలేజీలోనైనా ఇలాంటి నియమం ఉందా? మా ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం. తాగుడును సమర్థిస్తున్నాం అనుకోకుండా ఎలా రాయాలి? ముఖ్యంగా వార్డెన్లుగా పనిచేసినవాళ్లు చెప్పండి, ఏ మాట రాస్తే మీరు ఒప్పుకుంటారు? తల్లిదండ్రులకు చెప్పే విషయం అందులో పెట్టాలా, వద్దా? కొత్త బ్యాచ్ వచ్చేలోపే ఇవ్వాలని మా ఆత్రం.