పాత శాన్ స్టార్మ్ కారు గేర్ రాడ్డు బుష్ విరిగింది, దయచేసి సలహా ఇవ్వండి

నమస్కారం. మా నాన్నగారు ప్రాణంగా చూసుకున్న, రెనో 1.2 లీటర్ల ఇంజిన్ గల రెండు సీట్ల శాన్ స్టార్మ్ కారు మొన్న నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి వెళ్తుండగా మూడో గేరులోనే ఉండిపోయింది. లివర్ మాత్రం వదులుగా ఊగుతోంది. కిందికి దూరి చూస్తే, లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే రాడ్డు చివరి గుండును పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్ ఏళ్ల వేడికి పెళుసుబారి, ముక్కలై గ్రీజుకు అంటుకొని ఉంది. రాడ్డును చేత్తో జరిపితే గేర్లు పడుతున్నాయి కనుక గేర్‌బాక్స్ బాగానే ఉందనుకుంటున్నాను. ఇక్కడి మెకానిక్ వెల్డింగ్ చేద్దామంటున్నారు గానీ, ఇంజిన్ కదిలినప్పుడల్లా తిరగాల్సిన కీలును అలా బిగించేస్తే రాడ్డే విరుగుతుందని నా భయం. లేత్‌పై నైలాన్ బుష్ చేయించడం మంచిదా, ఇత్తడిదా? గుండుకూ బుష్‌కూ మధ్య ఎంత సందు వదలాలి? ఈ పని చేయించిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.