పేపర్ వేసే అన్నకి యాక్సిడెంట్ అయింది, సాయం ఎక్కడ దొరుకుద్ది?

తెల్లారి_లైను (ఖమ్మం):
అందరికీ నమస్తే. నేను చిన్న ఏజెంట్‌ని. మా దగ్గర పేపర్ వేసే అన్నని తెల్లారుజామున లారీ గుద్ది ఆపకుండా పోయింది, కాలు విరిగింది, ఆపరేషన్ అంటున్నారు. వానైనా చలైనా లైను (రోజూ పేపర్ వేసే ఇళ్లు) తప్పని మనిషి. పీఎఫ్ లేదు ఈఎస్‌ఐ లేదు, నెలకి వచ్చే కమీషనే. ఆడపిల్లలు చదువుకుంటున్నారు. మనోళ్ల కోసం ఏదన్నా ఫండ్ ఉందా, ఎవరికన్నా వచ్చిందా చెప్పండి.

పాత_విలేకరి:
మీడియా అకాడమీకి వెళ్దాం అనుకుంటారేమో, అక్కడి సాయం జర్నలిస్టులకే అన్నా. తెలంగాణలో జర్నలిస్టు చనిపోతే కుటుంబానికి లక్ష, నెలకి 3000 పెన్షన్ 5 ఏళ్లు ఇస్తారు. రాసినోడికి అది ఉంది, ఆ రాసింది ఇంటింటికీ చేర్చినోడికి లేదు. నాకు ఇది ఎప్పట్నుంచో బాధే. ముందు ఆరోగ్యశ్రీ చూడండి, 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా ఉంది, హాస్పిటల్లో డబ్బు కట్టకముందే అక్కడ ఆ స్కీమ్ పని చూసే ఆరోగ్యమిత్రని కలవండి.

పాస్‌బుక్_చూడు:
అన్న బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెలాఖర్లో 20 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి, అది ప్రధానమంత్రి సురక్ష బీమా, ఏడాదికోసారి కట్టే యాక్సిడెంట్ బీమా. కానీ ఆశ పెట్టుకోకండి, యాక్సిడెంట్‌లో చనిపోతే 2 లక్షలు, ఒక కాలో చెయ్యో కన్నో పూర్తిగా పోతే లక్ష, ఎముక విరిగి అతుక్కుంటే ఏం రాదు. మిగతా బాయ్స్‌కి మాత్రం ఈ రోజే కట్టించండి, 18 నుంచి 70 ఏళ్ల దాకా ఎవరైనా కట్టొచ్చు. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్‌లో పేపర్ అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, కార్డు తీయించండి.

కోర్టు_మెట్లు:
లారీ ఆపకుండా పోయింది అన్నారు కదా, ఏ లారీనో తెలియకపోతే ఇది హిట్ అండ్ రన్ కేసు. 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త స్కీమ్ నడుస్తోంది, గుర్తు తెలియని బండి గుద్ది చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయం కిందే లెక్క. ఎఫ్‌ఐఆర్ కాపీ, హాస్పిటల్ కాగితాలు పెట్టుకుని యాక్సిడెంట్ జరిగిన చోటి ఆర్డీఓ ఆఫీసులో అడగండి. ఎఫ్‌ఐఆర్ లేకపోతే అసలు కదలదు, చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటున్నారు, స్టేషన్‌కి ఎందుకులే అని.

లండన్_నుంచి:
ఇక్కడ న్యూస్‌ట్రెయిడ్ అని ఒక సంస్థ ఉంది, 1839 నుంచి. పేపర్లు మ్యాగజైన్లు అమ్మేవాళ్లు, పంచేవాళ్లు కష్టంలో ఉంటే ఆదుకుంటుంది, నవలలు రాసిన ఛార్లెస్ డికెన్స్ చాలా ఏళ్లు దానికి ప్రెసిడెంట్‌గా ఉన్నాడు. ఆ వ్యాపారంలో బతికేవాళ్లే డబ్బులు పోగేసుకుని మొదలుపెట్టుకున్నారు. మన దగ్గర అన్ని పత్రికల ఏజెంట్లూ కలిసి నెలకి కొంచెం వేసుకుంటే ఎందుకు కాదు? నా వంతు నేను పంపిస్తా.

బెజవాడ_సెంటర్:
డబ్బు సంగతి సరే గానీ అన్నా, అన్నిటికంటే ముందు ఆయన లైను కాపాడండి. మంచం మీద ఉన్నన్నాళ్లు ఎవరో ఒకరికి లైను ఇచ్చేస్తే ఆయన లేచేసరికి ఇళ్లు వేరేవాళ్ల చేతిలో ఉంటాయి, ఆ ఇళ్లే కదా ఆయన ఆస్తి. మా దగ్గర ఒకతనికి ఇలాగే అయితే పక్క లైన్ల కుర్రాళ్లు వీధులు పంచుకుని వేశారు, నెలాఖర్న బిల్లులు ఆయన భార్యే తిరిగి వసూలు చేసుకుంది, కమీషన్ అంతా ఆ ఇంటికే. విషయం తెలిసిన కస్టమర్లు చాలామంది రెండు మూడు నెలలది ముందే ఇచ్చారు, ఎవరూ పేపర్ మాన్పించలేదు.

తెల్లారి_లైను (ఖమ్మం):
చాలా థ్యాంక్స్ అన్నా. ఎఫ్‌ఐఆర్ ఇంకా కాలేదు, రేపు పొద్దున పేపర్లు పంచేసి వదినని తీసుకుని స్టేషన్‌కి పోతా. లైను నేనూ ఇంకో ఇద్దరం పంచుకుంటాం. ఆదివారం పేపర్లలో ఆదివారం బుక్ పెట్టడానికి మాత్రం మనుషులు చాలరు.

వైరా_రోడ్డు:
నేను ఖమ్మమే. ఆదివారం తెల్లారుజామున 4 గంటలకి వస్తా, మా తమ్ముడ్ని కూడా తీసుకొస్తా, పేపర్లు దింపే పాయింట్ ఎక్కడో మెసేజ్ పెట్టు.