క్లచ్ పెడల్ నేలకు ఆనిపోయింది: గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

ప్రశ్న (రాజోలు):
అందరికీ నమస్కారం. నిన్న పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి వస్తుండగా మా కారు క్లచ్ పెడల్ ఒక్కసారిగా మెత్తబడి, నేలకు ఆనిపోయి మళ్లీ పైకి రాలేదు. ఇంజన్ నడుస్తుండగా గేరు పడటం లేదు గానీ, ఆపితే అన్ని గేర్లూ పడుతున్నాయి. కొన్నాళ్లుగా రివర్స్ వేసేటప్పుడు గరగరమనే శబ్దం కూడా వస్తోంది. ఇది హైడ్రాలిక్ క్లచ్, అంటే కేబుల్‌తో కాకుండా ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది. మెకానిక్ బండి చూడకుండానే గేర్‌బాక్స్ దించి క్లచ్ సెట్ మార్చాలంటున్నారు. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (భీమవరం):
చూడకుండా చెప్పిన మాటకు ఒప్పుకోకండి. క్లచ్ ప్లేటు అరిగితే ఇంజన్ రేజ్ అవుతుంది గానీ బండి లాగదు, మాడిన వాసన వస్తుంది. పెడల్ మెత్తబడి కిందికి పోయిందంటే ముందుగా అనుమానించవలసింది ఆయిల్ లైనును. బానెట్ కింది డబ్బాలో బ్రేక్ ఆయిల్ (ఈ క్లచ్‌లో పనిచేసేదీ ఇదే) ఎంత ఉందో చూసి, డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తీసి, పెడల్ రాడ్డు ఇంజన్ వైపు రేకు గోడలోకి వెళ్లే చోట వేలు పెట్టి తడమండి. అక్కడ జిడ్డుగా తడి తగిలితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) సీలు పోయినట్టే. ఎక్కడా తడి లేకుండా, డబ్బాలో ఆయిల్ తగ్గకుండా, తొక్కి పట్టుకున్న పెడల్ నెమ్మదిగా దిగిపోతుంటే అదే సిలిండర్ లోపలి సీలు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోందని అర్థం. పెడల్‌ను వరుసగా కొడితే కాస్త గట్టిపడుతుంటే లైనులో గాలి చేరి ఉండవచ్చు.

స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే భాగం) గేర్‌బాక్స్ బయట ఉన్న బండి అయితే, ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు దాని రాడ్డును గమనించాలి. రాడ్డు పూర్తిగా కదులుతున్నా గేరు పడకపోతే అప్పుడు గేర్‌బాక్స్ దించితే గానీ కనిపించని క్లచ్ భాగాలైన ఫోర్కు, బేరింగ్, ప్రెషర్ ప్లేటుల మాట ఆలోచించవచ్చు. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ లోపలే ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట బ్రేక్ ఆయిల్ కారుతుంటే గేర్‌బాక్స్ దించక తప్పదు.

జవాబు (అమలాపురం):
పై మాటలతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కోనసీమ గాలిలో తేమకు కొదవ లేదు. ఆ తేమ వల్ల సిలిండర్ లోపల తుప్పు పట్టి గుంటలు పడితే, కొత్త సీలు కిట్టు వేసినా త్వరలోనే కోసుకుపోతుంది కాబట్టి, సిలిండర్ లోపలి గోడ నున్నగా లేకపోతే సిలిండరే మార్చించండి. డబ్బా మూత మీద రాసిన రకం ఆయిలే పోయండి; ఇంజన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. లైనులోని ఎయిర్ (గాలి) తీసేటప్పుడు పెడల్ తొక్కి ఉంచి, స్లేవ్ సిలిండర్ దగ్గరి నిపుల్ (గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేయాలి, మళ్లీ బిగించిన తరువాతే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి మళ్లీ లోపలికే పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రాడ్డు దగ్గర వేలికి తడి అంటింది, డబ్బాలో ఆయిల్ కూడా తగ్గింది. బండిని నెమ్మదిగా అమలాపురం తీసుకువెళ్లవచ్చా?

జవాబు (భీమవరం):
వద్దండీ. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒకటే కావడంతో, ఇంకా తగ్గితే బ్రేకులకే ముప్పు. మాస్టర్ సిలిండర్ మార్చడానికి గేర్‌బాక్స్ దించనక్కరలేదు కాబట్టి మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. పని అయ్యాక, బండి కదిలించే ముందు బ్రేక్ పెడల్ గట్టిగా ఉందో లేదో మీరే తొక్కి చూడండి.